గోళ్లు చూసి జబ్బు తెలిసిన సందర్భాలు మీ ఇళ్లలో ఉన్నాయా?

గోదావరిగట్టు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై దాటాయి. మొన్న ఆయన పేపరు చదువుకుంటుంటే చేతుల మీద చూపు పడింది. చేతివేళ్ల గోళ్లన్నిటి మీదా అడ్డంగా ఒక్కో గాడి, గోరు మధ్యకు వచ్చి, అన్నీ ఇంచుమించు ఒకే వరసలో ఉన్నాయి. వేలితో తడిమితే తగులుతోంది. నొప్పి లేదు, ఆయన పట్టించుకోనూ లేదు. మందుల షాపులో అడిగితే కాల్షియం తగ్గిందని మాత్రలు ఇచ్చారు. పెదనాన్న లివరు పరీక్ష చేయించమంటున్నారు. వాట్సాప్‌లో వచ్చే బొమ్మల్లో అయితే ప్రతి గీతకూ ఒక ప్రాణాంతకమైన జబ్బు రాసి పెట్టారు. ఎవరింట్లోనైనా ఇలా వచ్చిందా?

పాతనర్సమ్మ:
బాబూ, ఆసుపత్రి వార్డుల్లో పనిచేసి రిటైరైనదాన్ని. ముందు ఒక సంగతి చెప్పండి. రెండు మూడు నెలల కిందట నాన్నగారికి పెద్ద జ్వరం గానీ ఆపరేషన్ గానీ అయిందా?

గోదావరిగట్టు:
అయిందండీ! వినాయక చవితి రోజుల్లో డెంగీ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఆసుపత్రిలో ఉన్నారు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

పాతనర్సమ్మ:
ఉంటుంది. ఒంటికి పెద్ద కష్టం వచ్చినప్పుడు గోరు మొదట్లో కొత్త గోరు తయారయ్యే పని కొన్నాళ్లు మందగిస్తుంది. ఆ కాలంలో పుట్టిన ముక్క పలచబడి గాడిలా మిగులుతుంది. బో అనే ఫ్రెంచి వైద్యుడు 1846లోనే దీన్ని వర్ణించాడు, ఆయన పేరు మీదే వీటిని బో గీతలు అంటారు. టైఫాయిడ్, న్యుమోనియా, కొవిడ్, డెంగీ, కీమోథెరపీ, దేని తర్వాతైనా రావచ్చు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పెద్ద వయసులో ఇంకాస్త నెమ్మది. గాడి చర్మం కింద నుంచి బయటపడడానికే నెల దాకా పడుతుంది. మీరు చెప్పిన కాలానికి గాడి గోరు మధ్యలో ఉండడం సరిపోయింది. అన్ని వేళ్లకూ ఒకే చోట ఉందంటే కారణం ఒంట్లోది. ఒక్క వేలికే ఉంటే తలుపు సందులో పడిందా, ఏదైనా దెబ్బ తగిలిందా అని అడిగేదాన్ని.

చుక్కలముగ్గు:
నర్సమ్మ గారూ, నెలకు 3 మిల్లీమీటర్లంటే మా ఇంట్లో స్కేలు అక్కర్లేదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటాం కదా. శ్రావణంలో గోరు మొదట్లో సన్నని తెల్లటి చంద్రవంకలా మొదలవుతుంది, దసరాకు ఎరుపు గోరు చివరన మాత్రం మిగులుతుంది, కార్తీకంలో కత్తిరించేస్తే అయిపోతుంది. మా అత్తగారి వేళ్లకు ఒక ఏడాది ఆ ఎరుపు ఎంతకూ ముందుకు జరగలేదు. గోళ్లు పెళుసుగా పొరలు పొరలుగా విరిగేవి కూడా. వాటితో పాటు చలి తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం, జుట్టు ఊడడం ఉండేసరికి పరీక్ష చేయించాం. థైరాయిడ్ బాగా తగ్గి ఉంది. గోరు ఒక్కటే చూసి కనిపెట్టామని గొప్పలు చెప్పను గానీ, ముందు కంటపడింది అదే.

బడిపంతులు:
కాల్షియం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కొంగలు ఎగురుతుంటే గోళ్ల మీద పూలు వేయమని చిన్నప్పుడు అరిచేవాళ్లం, గుర్తుందా? తెల్ల చుక్క కనబడితే కొత్త బట్టలు వస్తాయని సంబరం. ఇప్పుడు అదే చుక్క చూసి అమ్మానాన్నలు కాల్షియం సిరప్ కొంటున్నారు. గోరు కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది, అందులో కాల్షియం పాలు నామమాత్రం. ఆ చుక్కలు చాలావరకు ఎక్కడో వేలు తగిలిన గుర్తులు. గోరుతో పాటే పైకి జరిగి పోతాయి. పాత నమ్మకమే నయం, కనీసం డబ్బు ఖర్చు లేదు.

చిన్నిఅమ్మ:
మా పాపకు నాలుగేళ్లు. బడిలో చేతులు, కాళ్లు, నోటి మీద పొక్కులు వచ్చే వైరస్ జ్వరం అందరికీ అంటుకుంది. వారంలో తగ్గిపోయింది. ఆ సంగతి మేం మరిచిపోయాక ఒకరోజు స్నానం చేయిస్తుంటే బొటనవేలి గోరు మొదట్లో విడిపోయి పైకి లేచి ఉంది. తర్వాత ఒకటొకటిగా మరో మూడు ఊడాయి. ఏడుపొచ్చేసింది నాకు. పాప మాత్రం ఊడిన గోరు అగ్గిపెట్టెలో దాచుకుంది! పిల్లల డాక్టరుకు చూపిస్తే, ఆ జ్వరం వచ్చిన నెల, రెండు నెలలకు ఇలా జరగడం మామూలేనని, మందు అక్కర్లేదని చెప్పి పంపేశారు. కింద కొత్త గోరు అప్పటికే వచ్చేసింది. ఇది బో గీతకు పెద్దన్న లాంటిదట, పెరుగుదల మందగించకుండా పూర్తిగా ఆగిపోతే గోరు విడిపోతుందని చెప్పారు.

మిరపతోట:
మా చెల్లెలి సంగతి. పెళ్లైన కొత్తలో పచ్చి బియ్యం నమిలేది, బలపాలు కొనుక్కుని తినేది, అందరూ నవ్వేవాళ్లు. వేవిళ్లేమో అన్నారు, కాదు. ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ నూనె రాస్తూ గోళ్లు చూసింది. పలచగా, అంచులు పైకి లేచి, మధ్యలో గుంట పడి ఉన్నాయి. నీటి చుక్క వేస్తే జారకుండా అందులోనే నిలబడింది. హిమోగ్లోబిన్ 6.8. ఆ తర్వాత తెలిసింది ఏమిటంటే నెలసరిలో రక్తం విపరీతంగా పోతోంది, గర్భసంచిలో గడ్డలు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన కొద్ది వారాలకే బలపాల మీద యావ పోయింది. రక్తం రెండు నెలల్లో పెరిగింది గానీ గోళ్లు చదును కావడానికి ఆరు నెలలు పట్టింది.

పాతనర్సమ్మ:
మిరపతోట గారు చెప్పింది జాగ్రత్తగా చదవండి. చెంచాలా గుంటపడే గోళ్లకు మొదట అనుమానించాల్సింది ఇనుము లోపాన్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వాళ్లలో చాలామంది గోళ్లు మామూలుగానే ఉంటాయి. గుంట పడిందంటే లోపం చాలాకాలంగా ఉందని అర్థం. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం, ఐసు ముక్కలు తినాలనిపించడం అంతకన్నా ముందే కనిపించవచ్చు. మందు విషయంలో జనం చేసే పని, రక్తం పెరగగానే మాత్రలు ఆపేయడం. నిల్వలు నిండాలంటే ఆ తర్వాత మరో మూడు నెలలు వేసుకోవాలి. మాత్ర వేసుకున్న గంటలో టీ వద్దు, నిమ్మరసంతో అయితే మంచిది. విరేచనం నల్లగా వస్తే భయపడకండి.

ఇంకొకటి. మగవాళ్లలో, నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఇనుము తగ్గితే మాత్రలతో సరిపెట్టకూడదు. రక్తం ఎక్కడో పోతూ ఉండొచ్చు. మొలలా, కడుపులో పుండా, పేగులో గడ్డా అన్నది తేల్చాలి.

జీడితోట:
మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. మా బాబాయికి డయాలసిస్ జరుగుతోంది. ఆయన గోళ్లు మొదటి సగం తెల్లగా సున్నం కొట్టినట్టు, చివరి సగం ఇటుక రంగులో ఉంటాయి, మధ్యలో గీత గీసినట్టు. పక్క మంచాల వాళ్లలో కొందరికీ అంతే. కిడ్నీ జబ్బులో ఇలా వస్తుందని అక్కడి టెక్నీషియన్ చెప్పాడు. కానీ మా ఊళ్లలో ఒక ప్రమాదం ఉంది. ఎవరో ఒకరు ఇది విని, నా గోళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి నాకు కిడ్నీ బాగుందనుకుంటారు. బాబాయికి రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరిగిన రోజుల్లో గోళ్లు శుభ్రంగా ఉండేవి. కవిటి, సోంపేట, పలాస వైపు వాళ్లెవరైనా చదువుతుంటే రక్తం, మూత్రం పరీక్షలే చేయించుకోండి. గోరు రంగు మారేదాకా ఆగకండి.

లారీగ్యారేజి:
మా దగ్గర పాత డ్రైవరు ఒకాయన. బీడీ కట్టలు కట్టలు కాల్చేవాడు. వేళ్ల చివరలు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా వంగి ఉండేవి. క్లినిక్‌లో కుర్ర డాక్టరు ఆయన దగ్గు గురించి అడగకముందే రెండు చూపుడు వేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనించమన్నాడు. మామూలుగా గోళ్ల మొదట్లో మధ్యన చిన్న వజ్రం ఆకారంలో సందు కనిపించాలి. ఆయనకు వెలుతురే రాలేదు. వెంటనే ఎక్స్‌రే. ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది.

సముద్రతీరం:
అయ్యో, ఇది చదవగానే ఆనించి చూశాను. నాకూ సందు లేదు! మా నాన్నకూ, మేనత్తకూ ఇలాంటి వేళ్లే. మేమందరం పోయేవాళ్లమా?

పాతనర్సమ్మ:
కంగారు పడకండి. పుట్టినప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ అలాగే ఉంటే వంశపారంపర్యం కావచ్చు, అలాంటి కుటుంబాలు ఉన్నాయి. ఈమధ్యే కొత్తగా మారితేనే తొందర పడాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్, దీర్ఘకాలపు చీము జబ్బులు, పుట్టుకతో గుండెలో లోపం, గుండె కవాటాలకు ఇన్‌ఫెక్షన్, లివరు గట్టిపడడం ఇవన్నీ దీనికి కారణాలే. లారీగ్యారేజి గారు చెప్పిన పరీక్షను 1976లో రాసింది షామ్‌రాత్ అనే దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు. గుండె ఇన్‌ఫెక్షన్‌తో మంచాన పడినప్పుడు తన వేళ్లనే గమనించుకుని రాశాడు. మీరు ఒక్కసారి మామూలు డాక్టరుకు చూపించి, పుట్టినప్పటి నుంచీ ఇంతేనని చెప్పండి, చాలు.

డాలస్‌పిల్ల:
నల్ల గీత గురించి ఎవరూ రాయలేదు. మా వారి బొటనవేలి గోరు మీద మొదటి నుంచి చివరి దాకా నిలువుగా నల్ల చార వచ్చింది. ఇక్కడి చర్మవైద్యురాలు భూతద్దం లాంటి పరికరంతో చూసి, మిగతా గోళ్లన్నీ చూసి, మీ చర్మం రంగు వాళ్లలో ఇలాంటి చారలు మామూలే, పైగా మూడు వేళ్లకు ఉన్నాయి, ఆరు నెలల తర్వాత రండి అన్నారు. ఒక్క గోటికే కొత్తగా రావడం, రోజురోజుకీ వెడల్పవడం, నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి పాకడం, ఈ మూడూ ఆవిడ నొక్కి చెప్పారు. అలా ఉంటే మెలనోమా అనే క్యాన్సర్ కాదని తేలేదాకా వదలకూడదట. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలివేలి గోరు కింద బయటపడింది అదే, మొదట బంతాట దెబ్బ అనుకున్నారు. 1981లో 36 ఏళ్లకే పోయాడు.

బడిపంతులు:
దెబ్బ తగిలి గడ్డకట్టిన రక్తమో, మచ్చో ఎలా తెలుస్తుంది?

డాలస్‌పిల్ల:
రక్తమైతే గోరుతో పాటు ముందుకు జరిగి, దాని వెనక శుభ్రమైన గోరు వస్తుంది. నెలనెలా ఒకే వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోమన్నారు. అనుమానం ఉంటే మాత్రం ఫోటోలతో కాలం గడపవద్దన్నారు.

టిఫిన్‌సెంటర్:
మా వృత్తిలో వాళ్లకు గోరుచుట్టు బాధ. పొద్దున నాలుగింటి నుంచి పిండి, గిన్నెలు, నీళ్లు. గోరు చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి, గోటికి అతుక్కుని ఉండే సన్నపొర ఊడిపోయింది. నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడిగాను, పసుపు పెట్టాను, వారం తగ్గడం, మళ్లీ రావడం. ఆ పైన గ్రైండరు మూత అదే వేలి మీద పడింది, గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. డాక్టరు మందు రాశారు గానీ, తేడా కనిపించింది నూలు తొడుగు వేసుకుని దాని పైన రబ్బరు తొడుగు వేసుకోవడం మొదలుపెట్టాకే.

వేపచెట్టు:
నిమ్మకాయను తీసిపారేయకండి, మా తాతల నుంచి వాడుతున్నాం.

పాతనర్సమ్మ:
తీసిపారేయడం లేదండీ. కానీ చీముపట్టి సలుపుతుంటే దాన్ని బయటికి తీయించాలి, నిమ్మకాయ ఆ పని చేయదు. షుగరు ఉన్నవాళ్లు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

షుగరు అంటే కాలిగోళ్లు గుర్తొచ్చాయి. మందంగా, పసుపుపచ్చగా, పొడిపొడిగా రాలే గోరు తరచూ ఫంగస్సే, కానీ చూసి చెప్పేస్తే తప్పవుతుంది. సోరియాసిస్ కూడా అలాగే ఉంటుంది, దానికి గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు, నూనె మరక లాంటి మచ్చ తోడుంటాయి. గోరు గీకి పరీక్ష చేయించాకే మందు. ఫంగస్ అని తేలితే టెర్బినాఫిన్ మాత్రలు చేతిగోళ్లకు ఆరు వారాలు, కాలిగోళ్లకు పన్నెండు వారాలు, లివరు పరీక్ష చూసి ఇస్తారు. మాత్రలు అయిపోయినా కాలిగోరు పూర్తిగా మారడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మందు పనిచేయలేదని మధ్యలో తిట్టుకోకండి.

చుక్కలముగ్గు:
గోళ్లు గట్టిపడతాయని బయోటిన్ మాత్రలు వాడుతున్న వాళ్లు ఇది వినండి. మా అత్తగారు అవి వేసుకుంటుండగా చేయించిన పరీక్షలో థైరాయిడ్ ఎక్కువైనట్టు వచ్చింది, మందు తగ్గించబోయారు. డాక్టరు బయోటిన్ ఆపించి మళ్లీ చేయిస్తే మామూలే.

పాతనర్సమ్మ:
నిజం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. గుండెపోటు తెలిపే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పుగా తక్కువ చూపొచ్చు. రక్తం ఇచ్చేముందు ఎన్ని రోజులు ఆపాలో డోసును బట్టి మీ డాక్టరే చెప్పాలి. అసలు వాడుతున్నట్టు చెప్పడం ముఖ్యం.

కొత్తసభ్యురాలు:
ఒక చిన్న సందేహం. వచ్చే వారం అమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్. ఇంట్లో పెళ్లి ఉంది, గోరింటాకు పెట్టుకుంటానంటోంది. ఫరవాలేదా?

పాతనర్సమ్మ:
ఆపరేషన్ అయ్యాక పెట్టుకోమనండి. మత్తు డాక్టరు గోరు రంగు చూస్తారు, నీలం తిరుగుతోందేమోనని. ఆక్సిజన్ క్లిప్పు కూడా వేలికే పెడతారు. ముదురు రంగు నెయిల్ పాలిష్ ఉంటే ఎలాగూ తుడిపించేస్తారు. గోరింటాకు అప్పటికే పెట్టేసుకుని ఉంటే దాచకుండా ముందే చెప్పండి, క్లిప్పు చెవి తమ్మెకు పెట్టే వీలుంది.