సైడ్‌కార్ బుల్లెట్‌లో మీటర్ ముల్లు ఊగుతోంది, మీటర్ మార్చాలా?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై): అన్నా, నాన్న వాడిన పాత బుల్లెట్ 350. అమ్మ మోకాళ్ల నొప్పులతో వెనక సీటు ఎక్కలేకపోతోందని సైడ్‌కార్ తగిలించాను. అప్పట్నుంచి మీటర్‌కి పిచ్చెక్కింది. 30లో పోతుంటే ముల్లు 20కీ 50కీ మధ్య ఊగుతోంది. మెకానిక్ మీటర్ పోయింది, కొత్తది వేద్దామంటున్నాడు. నిజమేనా?

జవాబు: ఆగండి, అప్పుడే కొనకండి. కిలోమీటర్ల అంకెలు తిరుగుతున్నాయా?

ప్రశ్న: తిరుగుతున్నాయన్నా. హ్యాండిల్ కుడికి తిప్పితే ఊపు ఎక్కువ. మీటర్ కింద టిక్ టిక్‌మని చప్పుడు కూడా.

జవాబు: అయితే మీటర్ కేబుల్‌ని తిప్పే చక్రం దగ్గరి గేరు బాగానే ఉంది. అంకెలూ ముల్లూ రెండూ ఆగిపోతే కేబుల్ తెగినట్టో, గేరు అరిగినట్టో. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే కదలకపోతే మీటర్ లోపలి రోగం. మీది రెండూ కాదు, నా అనుమానం కేబుల్ మీదే. మీటర్‌లో కేబుల్ తిప్పేది ఒక అయస్కాంతాన్ని. దానికి తగలకుండా చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెకి ముల్లు ఉంటుంది. తిరిగే అయస్కాంతం గిన్నెని తనతో లాగుతుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది. కేబుల్ పట్టి పట్టి వదులుతూ తిరిగితే ముల్లు కూడా అలాగే గెంతుతుంది.

కేబుల్ విప్పి లోపలి తీగ లాగండి. నున్నటి గచ్చు మీద వేళ్లతో దొర్లించండి. ఎక్కడైనా ఎగిరిపడితే వంగినట్టే, మార్చాల్సిందే. బాగుంటే తుడిచి పల్చగా గ్రీజు రాయండి. మీటర్ వైపు జానెడు మాత్రం వదిలెయ్యండి. లేకపోతే గ్రీజు మీటర్‌లోకి ఎక్కి ముల్లుని జిగురులా పట్టేస్తుంది. ఈ తప్పు నేనే చేశాను.

ఇంకొకరు (తాంబరం): సైడ్‌కార్‌తో పాటు, హ్యాండిల్ వణకకుండా పట్టే స్టీరింగ్ డ్యాంపర్ వేశారా? కేబుల్ దాని కింద నలుగుతోందేమో చూడండి.

ప్రశ్న (మూడు రోజులకి): సరిగ్గా అదేనన్నా! డ్యాంపర్ పక్కనే కేబుల్‌ని మెకానిక్ ట్యాగ్‌తో బిగించి కట్టేశాడు. అక్కడ మోచెయ్యిలా వంగిపోయింది. తీగ లాగితే పోగులు లేచి వేలికి గుచ్చుకున్నాయి. పుదుపేటలో కొత్త కేబుల్ కొని, వదులుగా వంపు తిప్పి వేశాను. ముల్లు రాయిలా నిలబడింది. కానీ మీటర్ 60 అంటే ఫోన్ జీపీఎస్ 54 అంటోంది!

జవాబు: ముందు చక్రం మార్చారా?

ప్రశ్న: అవును, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుందని 19 అంగుళాలది తీసి 16 వేశాడు.

జవాబు: దొరికింది. మీటర్‌కి తెలిసింది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందనేదే. 3.25-19 టైరు ఒక చుట్టుకి దాదాపు 2.03 మీటర్లు పోతుంది, 3.50-16 అయితే 1.83. అంటే పదోవంతు ఎక్కువ చూపిస్తుంది. మీటర్‌లో తప్పేం లేదు, 60 కనిపిస్తే 54 అనుకోండి. కిలోమీటర్ల అంకెలదీ అదే లెక్క, 100 చూపిస్తే నడిచింది 90.

ప్రశ్న: అయ్యో! సైడ్‌కార్ వేశాక కూడా మైలేజీ పెద్దగా తగ్గలేదని ఇంట్లో అందరికీ చెప్పుకున్నానన్నా.