సెడ్‌తో మూడు లైన్లు తీసేయబోతే వేరేవి పోయాయి

పదాలపెట్టె:
నా పదాల జాబితా ఫైల్లో 1,840 లైన్లు, లైనుకొక పదం. వాటిలో 12, 40, 75 లైన్ల చివర "పాతది" అని గుర్తు పెట్టుకున్నాను. ఆ మూడింటినీ తీసేయాలి. మొదట సెడ్ (ఫైలును లైను లైనుగా చదివి మార్చే కమాండ్) ఫలితాన్ని అదే ఫైల్లోకి మళ్లించాను. ఫైలు సున్నా బైట్లయింది! నకలు ఉండబట్టి బతికిపోయాను. తర్వాత ఫైలునే నేరుగా మార్చే మైనస్ ఐ పెట్టి, ఫర్ లూప్‌లో ఒక్కో నంబరుకూ లైను చెరిపే 'డి' ఆదేశం విడివిడిగా నడిపాను. ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. తీరా చూస్తే రెండు పాత పదాలు అలాగే ఉన్నాయి, రెండు మంచి పదాలు మాయం. ఎందుకిలా?

నల్లతెర:
రెండుసార్లూ సెడ్ తప్పు లేదండీ. మళ్లింపు గుర్తు కనబడగానే షెల్ (మీ ఆదేశాలను నడిపించే ప్రోగ్రామ్) ముందుగా ఫైలును ఖాళీ చేసేస్తుంది, సెడ్ చదివేది ఆ తర్వాత. ఇంక చదవడానికేముంది?

లూప్‌లో 12 పోగానే కింది లైన్లన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. మీరు 40 అన్నప్పుడు అక్కడున్నది అసలు 41. 75 దగ్గరికొచ్చేసరికి అసలు 77. మూడూ ఒకే ఆదేశంలో '12డి;40డి;75డి' అని ఇవ్వండి. సెడ్ లెక్కపెట్టేది చదివే లైన్లను, రాసేవాటిని కాదు. అందుకే నంబర్లు కదలవు. లూపే కావాలంటే కింది నుంచి పైకి రండి.

గీతలరాయుడు:
గుర్తు పెట్టుకున్నాక నంబర్లతో పనేమిటి? లైను చివర "పాతది" ఉన్నవాటినే పట్టుకోండి: పదం తర్వాత డాలర్ గుర్తు. ముందు మైనస్ ఎన్, 'పి'తో (దొరికిన లైన్లనే చూపిస్తుంది, ఏదీ చెరపదు) ఏ లైన్లు దొరుకుతాయో కళ్లారా చూసి, ఆ తర్వాతే 'పి' స్థానంలో 'డి' పెట్టండి. నేనైతే చూడకుండా ఒక్క లైనూ చెరపను, ఒకసారి చేతులు కాలాయి.

పదాలపెట్టె:
నకలు నుంచి ఫైలు తిరిగి తెచ్చుకుని చూశాను. ఒక్కటీ దొరకలేదు! డాలర్ తీసేస్తే మూడూ వస్తున్నాయి.

నల్లతెర:
ఫైలు విండోస్‌లో తయారైందా? అక్కడ లైను చివర కంటికి కనబడని క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు ఒకటి ఉంటుంది. "పాతది"కీ లైను చివరకూ మధ్య అది అడ్డుపడుతోంది. లినక్స్‌లో ఫైలును తెరమీద చూపే క్యాట్‌కు మైనస్, పెద్ద ఏ ఇచ్చి చూడండి, దాగిన గుర్తులు బయటపడతాయి. లైను చివర అది చూపే డాలర్‌కు ముందు టోపీ గుర్తు, ఎం ఉంటే అదే. తెలుగు అక్షరాలన్నీ చిందరవందరగా కనిపిస్తాయి, కంగారుపడకండి.

పదాలపెట్టె:
ఉంది, ప్రతి లైనుకూ! ఆ గుర్తులను తొలగించే డాస్‌టుయునిక్స్ కమాండ్‌తో తీసేశాను. ఇప్పుడు డాలర్‌తోనే మూడూ దొరికాయి. చెరిపాక లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ లెక్క 1,837. మంచి పదాలు రెండూ వాటి చోటే ఉన్నాయి.