ఆరు రిమోట్లు, ఒక బాపు: హోమ్ థియేటర్‌కు ఏ యూనివర్సల్ రిమోట్ తీసుకోవాలి?

పైగది థియేటర్ (హనుమకొండ)

నమస్తే అందరికీ. పోయిన ఏడాది ఇంటి మీద గది వేసినప్పుడు దాన్నే హోమ్ థియేటర్ చేసుకున్నా. వెనక సీలింగ్‌కు ప్రొజెక్టర్, ముందు మోటారు స్క్రీన్, 5.1 స్పీకర్లకు ఏవీఆర్ (బాక్సులన్నీ కలిసే సౌండు ఆంప్లిఫయర్ పెట్టె), ఫైర్ స్టిక్, డీటీహెచ్ బాక్స్, ఏసీ. మొత్తం ఆరు రిమోట్లు. అన్నీ ఒక పాత ఐస్‌క్రీమ్ డబ్బాలో ఉంటాయి.

నాకు ఇబ్బంది లేదు. చీకట్లో తడిమినా ఏది దేనిదో చెప్తా. ఇబ్బందంతా మా బాపుకు. 74 ఏళ్లు, క్రికెట్ అంటే పిచ్చి. మ్యాచ్ ఉన్న రోజు నేను ఆఫీసులో ఉంటే ఫోన్ ఖాయం. "బొమ్మ వచ్చింది, సప్పుడు లేదురా." రెండు నిమిషాలకు మళ్లీ, "సప్పుడు వచ్చింది, బొమ్మ పోయింది."

ఆన్‌లైన్‌లో పదకొండు వందలు పెట్టి ఒక లెర్నింగ్ రిమోట్ కొన్నా. అసలు రిమోట్లను దాని ముందు పెట్టి ఒక్కో బటన్ నేర్పించాలి. ఆదివారం మొత్తం దానికే పోయింది. ఒక్క బటన్ నొక్కితే ప్రొజెక్టర్, ఏవీఆర్, బాక్స్ మూడూ వరుసగా ఆన్ అయ్యేలా పెట్టా. మొదటి రోజు బ్రహ్మాండం. రెండో రోజు ఏవీఆర్ ముందే ఆన్‌లో ఉండిపోయిందట. బాపు బటన్ నొక్కేసరికి ప్రొజెక్టర్ వెలిగింది, ఏవీఆర్ ఆరిపోయింది. మళ్లీ నొక్కితే రెండూ తారుమారు. ఆ రిమోట్ ఇప్పుడు ఏడోదిగా అదే డబ్బాలో ఉంది.

15 వేల దాకా పెట్టగలను. అన్నిటినీ ఒక్క రిమోట్‌తో నడిపే లాజిటెక్ హార్మొనీ హబ్ సెకండ్‌హ్యాండ్‌లో 9 వేలు చెప్తున్నారు. తీసుకోమంటారా?

ఫ్రిస్కో తెలుగోడు (టెక్సస్)

అన్నా, తొమ్మిది వేలకు మాత్రం వద్దు. నేను హార్మొనీ చాలా ఏళ్లుగా వాడుతున్నా, ఇప్పటికీ ఇష్టమే, అందుకే చెప్తున్నా. 2021 ఏప్రిల్‌లో లాజిటెక్ వాటి తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఉన్నవాళ్లకు సపోర్ట్ ఇస్తామన్నారు, నాది పనిచేస్తోంది కూడా. కానీ సెటప్ మొత్తం వాళ్ల సర్వర్ మీద ఆధారపడి ఉంటుంది. రేపు ప్రొజెక్టర్ మార్చి కొత్తది ఎక్కించాలంటే ఆ సర్వర్ బతికి ఉండాలి. అంత పాత వస్తువుకు అంత డబ్బా?

ఇంకోటి. మీ లెర్నింగ్ రిమోట్ చేసిన తప్పు హార్మొనీ కూడా చేయగలదు. ఏది ఆన్‌లో ఉందో దానికి నిజంగా తెలియదు, తను ఏం పంపిందో గుర్తుపెట్టుకుంటుంది అంతే. మీరు లేచి చేత్తో ఏవీఆర్ ఆపేస్తే దాని లెక్క తప్పుతుంది. నా హార్మొనీ రిమోట్ మీద హెల్ప్ బటన్ ఉన్నది అందుకే.

కొత్తగా కొనేట్టయితే సోఫాబేటన్ ఎక్స్1ఎస్ చూడండి. హబ్ (సిగ్నల్ పంపే పెట్టె) వేరుగా, రిమోట్ వేరుగా వస్తుంది. ఐఆర్‌తో (మామూలు రిమోట్ల కంటికి కనబడని కాంతి సిగ్నల్) పాటు బ్లూటూత్ కూడా ఉంటుంది. మీకు బ్లూటూత్ తప్పనిసరి, ఎందుకంటే ఫైర్ స్టిక్ ఐఆర్ వినదు. ఉత్త ఐఆర్ రిమోట్ ఎంత ఖరీదైనది తెచ్చినా ఫైర్ స్టిక్ ముందు అది కర్రముక్కే.

సబ్‌వూఫర్ బాబాయ్ (రాజమండ్రి)

అబ్బాయ్, కొనడానికి ముందు ఒకసారి పెట్టెల వెనక్కి టార్చి పట్టుకుని వెళ్లు. ఇలాంటి గదులు కొన్ని చూశాను నేను. చాలాసార్లు రిమోట్ కొనాల్సిన పనే లేకపోయింది.

ముందు ఆ తారుమారు సంగతి. మామూలు పవర్ బటన్ ఇంట్లో లైటుకు తాడు స్విచ్చి లాంటిది. లాగితే వెలుగుతుంది, మళ్లీ లాగితే ఆరుతుంది. ఒక్కటే సిగ్నల్, అర్థాలు రెండు. అందుకే మూడింటికి కలిపి పంపితే ఒక్కటి ముందే ఆన్‌లో ఉన్నా మొత్తం చెడుతుంది. ఆన్‌కు ఒక కోడ్, ఆఫ్‌కు వేరే కోడ్ ఉంటే ఈ గోల రాదు. చాలా ఏవీఆర్‌లకు అలా విడివిడిగా ఉంటాయి గానీ, ఆ బటన్లు రిమోట్ మీద ఉండవు. బటనే లేనప్పుడు లెర్నింగ్ రిమోట్‌కు ఏం నేర్పిస్తావు? డీటీహెచ్ బాక్సుకు సాధారణంగా ఆ ఒక్క కోడే. దానికి మందు ఏమిటంటే, బాక్సును అసలు ఆపకు. ఎప్పుడూ ఆన్‌లోనే వదిలెయ్.

రెండోది, హెచ్‌డీఎంఐ సీఈసీ, అంటే పెట్టెలు ఒకదానికొకటి ఆన్, ఆఫ్ కబుర్లు చెప్పుకునే పద్ధతి. హెచ్‌డీఎంఐ వైరులోనే 13వ పిన్ను మీద ఈ కబుర్లు నడుస్తాయి. సామ్‌సంగ్ వాడు ఎనీనెట్ ప్లస్ అంటాడు, సోనీ బ్రావియా సింక్ అంటాడు, ఎల్‌జీ సింప్‌లింక్ అంటాడు. పేర్లు వేరు, పని ఒకటే. ప్రొజెక్టర్ మెనూలో హెచ్‌డీఎంఐ లింక్ అనో కంట్రోల్ అనో ఉంటుంది, చాలాసార్లు ఆఫ్‌లో పెట్టి ఉంటుంది. ప్రొజెక్టర్, ఏవీఆర్, ఫైర్ స్టిక్ మూడింట్లోనూ ఆన్ చెయ్. స్టిక్ రిమోట్ మీద హోమ్ నొక్కగానే మిగతా రెండూ లేవాలి. ఫైర్ స్టిక్ రిమోట్‌లోనే ఐఆర్ కూడా ఉంది, సెట్టింగ్స్‌లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌కు వెళ్లి నీ ఏవీఆర్ పేరు ఇస్తే సౌండు బటన్లు దానికి పనిచేస్తాయి.

మూడోది స్క్రీన్. ప్రొజెక్టర్ వెనక చిన్న 3.5 ఎంఎం రంధ్రం, పక్కన ట్రిగ్గర్ అవుట్ అని ఉందేమో చూడు. ప్రొజెక్టర్ ఆన్ అయినప్పుడు అందులోంచి 12 వోల్టులు వస్తాయి. స్క్రీన్ మోటారుకు ట్రిగ్గర్ ఇన్ ఉంటే వైరు కలిపేయ్. ప్రొజెక్టర్ వెలిగితే స్క్రీన్ దిగుతుంది, ఆరితే ఎక్కుతుంది. ఒకటి గుర్తుపెట్టుకో, ఆ 12 వోల్టులు సైగకే, మోటారు తిప్పడానికి కాదు. నేరుగా మోటారుకు ఇచ్చి ప్రొజెక్టర్ బోర్డు కాల్చుకున్న ఆయన మా వీధిలోనే ఉన్నాడు.

ఇంతకీ ప్రొజెక్టర్‌కు వెళ్లే కేబుల్ ఎంత పొడవు? ఫైబర్‌దా, రాగిదా?

పైగది థియేటర్

బాబాయ్ గారూ, టార్చి వేసుకుని వెళ్లా. ట్రిగ్గర్ అవుట్ ఉంది! ఏడాది నుంచి ఆ రంధ్రాన్ని ఇయర్‌ఫోన్‌ది అనుకున్నా. స్క్రీన్ మోటారు పెట్టెకు కూడా సాకెట్ ఉంది గానీ అది ఫోన్ లైను జాక్ లాంటిది. హెచ్‌డీఎంఐ కేబుల్ 12 మీటర్లు, ఫైబర్ అనే చెప్పి ఇచ్చారు.

సోఫాబేటన్ కూడా చూశా. రిమోట్ మీది చిన్న స్క్రీన్‌లో పేజీలు తిప్పి ఎంచుకోవాలంటే బాపుతో కాదు.

గోదావరి గట్టు

బ్రాడ్‌లింక్ ఆర్ఎం4 ప్రో వాడండి బ్రో. ఐఆర్‌తో పాటు స్క్రీన్ ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) రిమోట్ కూడా నేర్చుకుంటుంది, అన్నీ ఫోన్‌లోనే. అలెక్సాకు కలిపితే నాన్నగారు నోటితో చెప్పినా చేస్తుంది.

సబ్‌వూఫర్ బాబాయ్

ఫోన్‌తో నడపడం మనలాంటివాళ్లకు బాగానే ఉంటుంది. కానీ రెండు సంగతులు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీదే అది కలుస్తుంది. మోటారు రిమోట్ ప్రతి నొక్కుకూ కోడ్ మార్చే రకమైతే నేర్పించినా లాభం లేదు. ఏసీ రిమోట్‌కు ఇంకో గుణం ఉంది. ఒక డిగ్రీ పెంచితే "ఒకటి పెంచు" అని పంపదు, "కూల్, 25, ఫ్యాన్ మీడియం" అని జాతకం మొత్తం పంపుతుంది. అందుకని ఒక్కో బటన్ నేర్పించడం దండగ. ఏసీ రిమోట్‌ను గోడకు తగిలించి ఈ లెక్కలోంచి తీసెయ్.

ఫైబర్ కేబుల్ అంటున్నావు గనుక ముందు సీఈసీ పరీక్షించు. మంచి ఫైబర్ కేబుళ్లలో సీఈసీ కోసం పక్కన రాగి తీగలు కూడా వేస్తారు. కొన్నింట్లో ఆ కబురు సరిగా అందదు. ఆ ఫోన్ జాక్ సాకెట్ విషయంలో మాత్రం స్క్రీన్‌తో వచ్చిన కాగితం చూడందే ఏ పిన్నూ కలపకు.

పైగది థియేటర్ (మూడు వారాల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నా, కానీ పూర్తిగా రాస్తా.

సీఈసీ ఆన్ చేశా. ప్రొజెక్టర్ లేచింది, కేబుల్ పర్వాలేదు. ఏవీఆర్ లేవలేదు. గంటసేపు కేబుళ్లు మార్చి మార్చి చూశాక తెలిసింది, ఏవీఆర్ మెనూలో హెచ్‌డీఎంఐ కంట్రోల్ అని ఇంకో చోట వేరే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేశాక మూడూ ఒకేసారి లేస్తున్నాయి. ఆపేటప్పుడు ఇంకా హాయి. ప్రొజెక్టర్ దాని రిమోట్‌తో ఆపితే "నిజంగా ఆపాలా" అని అడుగుతుంది, రెండోసారి నొక్కాలి. ఫోన్లలో సగం దాని గురించే, బాపు ఒకసారి నొక్కి వచ్చేసేవాడు. సీఈసీతో ఆపితే అడగకుండా ఆరిపోతోంది.

ట్రిగ్గర్ వైరు కోసం హైదరాబాద్‌లో ఉన్న మా బావను కోఠి గుజరాతీ గల్లీకి పంపా. ఒక చివర 3.5 ఎంఎం, ఇంకో చివర ఫోన్ జాక్, కాగితంలో ఉన్న పిన్నుల ప్రకారం అక్కడే టంకం వేయించి తెచ్చాడు. మూడు వందలు. ఇప్పుడు ప్రొజెక్టర్ వెలగగానే స్క్రీన్ దానంతటదే దిగుతుంది. మా పిల్లలు దాని కోసమే రోజూ పదిసార్లు ఆన్, ఆఫ్ చేస్తున్నారు, అదొక కొత్త తలనొప్పి. వేడి మీద ఆపి వెంటనే వెలిగించొద్దని తిట్టాల్సి వస్తోంది.

తేలనిది డీటీహెచ్ ఒక్కటే. మా బాక్సుకు సీఈసీ లేదు. క్రికెట్ యాప్‌లో చూడమంటే బాపు వినడు. "ఛానల్ నంబర్లు నోటికున్నయ్, ఆ గీతలు జరుపుడు నాతో కాదు" అన్నాడు. అప్పుడు కనబడింది, ఏవీఆర్ ముందు భాగంలో క్విక్ సెలెక్ట్ అని నాలుగు బటన్లు. 2 నంబర్ మీద డీటీహెచ్ ఇన్‌పుట్‌ను, ఆయనకు సరిపోయే సౌండును కలిపి సేవ్ చేశా. పక్కన మా పాప ఎర్ర బిందీ అంటించింది.

నిన్న మ్యాచ్‌కు ఫోన్ రాలేదు. నేనే ఉండబట్టలేక చేశా. "హోమ్ నొక్కిన, లేచి పోయి బొట్టు నొక్కిన, వచ్చింది. నువ్వు ఫోన్ పెట్టు, ఓవర్ నడుస్తుంది" అన్నాడు.

డబ్బాలోంచి ఫైర్ స్టిక్ రిమోట్, డీటీహెచ్ రిమోట్ బయటికి వచ్చాయి. ఏసీది గోడకు వేలాడుతోంది. మిగతావి డబ్బాతో సహా అల్మారా మీద. లెర్నింగ్ రిమోట్ ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తా, కొరియర్ ఖర్చు మీది.

సబ్‌వూఫర్ బాబాయ్

ఆ డబ్బాలో ఉన్న రిమోట్ల సెల్స్ తీసెయ్ అబ్బాయ్, కారి పాడైపోతాయి.