"వి బిలాంగ్ డెడ్": మనమా, మేమా?

1935లో యూనివర్సల్ వాళ్ళు తీసిన "బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్" చివర్లో బోరిస్ కార్లాఫ్ వేసిన మాన్‌స్టర్ లేబొరేటరీని పేల్చేసే మీట మీద చెయ్యేసి అనే మాట ఇది. మా ఫ్రెండ్ ఒకడు దీన్ని "మేము చావాల్సినవాళ్ళం" అని తెలుగు చేశాడు. నాకు మింగుడు పడలేదు. అక్కడ మాన్‌స్టర్ ముందు తనని తయారుచేసిన హెన్రీ ఫ్రాంకెన్‌స్టీన్‌నీ, అతని భార్యనీ "మీరు బతకండి, పొండి" అని పంపేస్తాడు, ముసలి డాక్టర్ ప్రిటోరియస్‌ని మాత్రం నువ్వుండు అంటాడు, ఆ వెంటనే ఈ మాట. వింటున్నవాణ్ణి కూడా కలుపుకుంటున్నాడు కదా, "మనం" కాదా? ఇంగ్లీషు "వి" రెంటికీ సరిపోతుంది గానీ మనకి అలా కుదరదు.

—

మనమే, సందేహం లేదు. "మేము" అంటే మాన్‌స్టరూ, వాడి కోసం తయారుచేసిన పెళ్ళికూతురూ మాత్రమే అవుతారు, ప్రిటోరియస్ ఊరికే సాక్షిలా మిగిలిపోతాడు. కథ మొత్తాన్ని వెనకుండి నడిపించిందే వాడు! ఇంకో సంగతి, మొదట తీసినప్పుడు హెన్రీ కూడా ఆ పేలుడులోనే పోవాలి, తర్వాత మార్చి బతికించారు. కూలే షాట్‌లో జాగ్రత్తగా చూస్తే హెన్రీ ఇంకా లోపలే కనిపిస్తాడు. అంటే ఆఖరి నిమిషంలో "మనం" నుంచి తప్పించుకున్నాడన్నమాట.

—

మాస్టారూ, "మనం" ఒప్పుకుంటాను, "చావాల్సినవాళ్ళం" మాత్రం ఒప్పుకోను. అది మరీ నున్నగా ఉంది. ఈ మాన్‌స్టర్‌కి మాటలు నేర్పింది అడవిలో ఉండే గుడ్డి సాధువు. రొట్టె మంచిది, నిప్పు చెడ్డది, ఒంటరితనం చెడ్డది, స్నేహితుడు మంచివాడు, అంతే, క్రియలు కూడా సరిగ్గా రావు. అలాంటివాడి నోట "ఆల్సిన" ఎలా వస్తుంది? "మనం చచ్చినవాళ్ళం. చచ్చే ఉండాలి." ఇలాగైతే వాడి గొంతులా ఉంటుంది. పైగా ఒళ్ళంతా శవాల ముక్కలే కాబట్టి "చచ్చినవాళ్ళం" అక్షరాలా నిజం.

—

అసలు మాన్‌స్టర్ మాట్లాడటమే కార్లాఫ్‌కి ఇష్టం లేదు, మాటలొస్తే పాత్ర పాడవుతుందని వాదించాడు. 1931లో వచ్చిన మొదటి భాగం "ఫ్రాంకెన్‌స్టీన్"లో మూలుగులే, వాటితోనే జనాన్ని కట్టిపడేశాడు. నాకైతే ఆయన వాదన తప్పనిపిస్తుంది. ఆ సాధువు గుడిసె సీన్ లేకపోతే ఈ సీక్వెల్‌ని ఇప్పుడు ఎవరు తలుచుకుంటారు? విడుదలైనప్పుడే పత్రికలు మెచ్చుకున్నాయి, సెన్సారు వాళ్ళు మాత్రం కత్తెర వేశారు, ట్రినిడాడ్ లాంటి చోట్ల ఏకంగా నిషేధించారు. తర్వాత్తర్వాత మొదటి భాగం కన్నా ఇదే గొప్పదనే మాట స్థిరపడింది, 1998లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలోకీ ఎక్కింది. ఈ సినిమాలకి మూలమైన మేరీ షెల్లీ 1818 నవలలో మాన్‌స్టర్ అయితే పేజీలకు పేజీలు వాదిస్తాడు, మిల్టన్ కావ్యం చదివినవాడు మరి. ఆ మాన్‌స్టర్‌కైతే "చావాల్సినవాళ్ళం" కూడా తక్కువే, గ్రాంథికం కావాలి.

—

ఒక్క డౌటు. ఇంతకీ ఆ పెళ్ళికూతురిని ఈ "మనం"లో కలపడానికి ఆవిడ ఒప్పుకుందా? పెళ్ళికూతురిగా ఎల్సా లాంచెస్టర్ తెర మీద ఉండేది కొన్ని నిమిషాలే, మాట ఒక్కటీ లేదు, కెవ్వుమనడం, బుస కొట్టడం, అంతే. మాన్‌స్టర్‌ని చూసి అసహ్యించుకుంది కూడా. టైటిల్స్‌లో ఆ పాత్ర ఎదురుగా నటి పేరు బదులు ప్రశ్నార్థకం వేశారు. "మేము" అన్నా "మనం" అన్నా ఆవిడ తరఫున మాన్‌స్టరే నిర్ణయించేశాడు.

—

అది నిజమే అక్కా. మా ఫ్రెండ్‌కి "మనం చచ్చినవాళ్ళం, చచ్చే ఉండాలి" అని పంపించాను. "చచ్చే" మీద ఇప్పుడు వాడికి అభ్యంతరం, "చనిపోయే" అనాలట, మర్యాదగా ఉంటుందట. మాన్‌స్టర్‌కి మర్యాదేమిట్రా అన్నాను, ఇంకా జవాబు రాలేదు.