స్వారీ, వైన్ రుచి రెండూ ఒకే టికెట్ మీద పెట్టొచ్చా? (జడ్చర్ల దగ్గర కుటుంబ ద్రాక్షతోట విషయం)

ద్రాక్షమడి:
జడ్చర్లకు దగ్గర్లో చల్క నేలలో (ఎర్ర ఇసుక నేల) పన్నెండెకరాలున్న ఒక కుటుంబం చిన్న వైనరీ పెట్టే పనిలో ఉంది. ఆరెకరాల్లో మూడేళ్ళ వయసున్న షిరాజ్, షెనిన్ బ్లాంక్ అనే వైన్ ద్రాక్ష తీగలు, మిగతాది మామిడి. ఎక్సైజ్ లైసెన్సుకు కాగితాలు సిద్ధమవుతున్నాయి. వాళ్ళ ఆలోచన ఇది: శని, ఆదివారాల్లో వచ్చేవాళ్ళకు అరగంట గుర్రపు స్వారీ, ఆ తర్వాత ఐదు రకాల వైన్ రుచి, రెండూ కలిపి ఒకే టికెట్. గుర్రాలు ఆరు. ఇంటి పెద్దాయన మాత్రం వైన్, గుర్రం ఒకచోట ఉండకూడదంటున్నారు. కొడుకూ కోడలూ స్వారీ లేకపోతే జనం రారంటున్నారు. గుర్రాలు, ద్రాక్ష, లెక్కలు తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

రికాబు:
రెండూ ఉండొచ్చు, ఒకే టికెట్ మాత్రం వద్దు. కారణం బరువు. గుర్రం తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదు, జీను కూడా ఆ లెక్కలోదే. మన దగ్గర దొరికే మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు ఎక్కువగా 350 నుంచి 400 కిలోలుంటాయి. 380 కిలోల గుర్రం అనుకుంటే ఐదో వంతు 76. జీను, కింద వేసే దుప్పటి, తంగు (జీను జారకుండా పొట్ట కింద బిగించే పట్టీ) కలిపి 9 కిలోలు తీసేస్తే మిగిలేది 67. ఆ బరువు దాటిన మగవాళ్ళు ఎంతమంది వస్తారో ఊహించుకోండి. టికెట్ అమ్మేశాక తూకం దగ్గర ఆపితే గొడవ. ఆపకపోతే గుర్రం వీపు పుండవుతుంది. నడుము పట్టేసిన గుర్రం మొదట తంగు బిగించేటప్పుడు కరవడానికి వస్తుంది, తర్వాత ఎక్కేవాళ్ళను పడేస్తుంది. తూకం కౌంటర్ దగ్గరే ఉండాలి, టికెట్ తూకం తర్వాతే ఇవ్వాలి.

పోనీలు తెచ్చి పని కానిద్దామనుకోవద్దు. 250 కిలోల పోనీ మోసేది జీనుతో కలిపి 50. అది పిల్లలకే.

పీపా:
నేను వైన్ వైపు నుంచి చెబుతా. ఐదు రకాలు, ఒక్కోటి 30 మిల్లీలీటర్లు పోస్తే 150 మిల్లీలీటర్లు. మన ఎండకు చక్కెర బాగా ఎక్కి వైన్ 13 శాతం దగ్గర తేలుతుంది. అంటే ఒంట్లోకి పోయే ఆల్కహాల్ సుమారు 15 గ్రాములు. 70 కిలోల మగమనిషి రక్తంలో అది 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటుతుంది. 55 కిలోల ఆడమనిషికైతే 50 దగ్గరికి పోతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో పరిమితి 30. ఒంట్లోంచి గంటకు దిగేది సుమారు 15 మాత్రమే. వచ్చినవాళ్ళంతా నలభై నాలుగో జాతీయ రహదారి మీద కారు నడుపుకుంటూ తిరిగి పోవాల్సినవాళ్ళే.

కాబట్టి నాలుగు రకాలు, ఒక్కోటి 15 మిల్లీలీటర్లు. అప్పుడు ఒంట్లోకి పోయేది 6 గ్రాములే. గీత గీసిన కొలత గ్లాసు వాడాలి, చేతి అంచనాతో పోస్తే 15 కాస్తా 25 అవుతుంది. ప్రతి బల్ల మీద ఉమ్మే పాత్ర ఉండాలి. రుచి చూసి ఉమ్మేయడం ఈ పనిలో మామూలే, ఆ మాట మొదటే చెబితే ఎవరూ మొహమాటపడరు. 750 మిల్లీలీటర్ల సీసాతో యాభై మందికి పోయొచ్చు కాబట్టి ఖర్చూ తగ్గుతుంది. తెరిచిన సీసాలో మిగిలింది రెండో రోజుకు వాసన పోగొట్టుకుంటుంది. సీసాలో నైట్రోజన్ నింపి మూత బిగిస్తే ఇంకొన్ని రోజులు ఆగుతుంది.

ముందు స్వారీ, తర్వాతే రుచి. ఒకసారి గ్లాసు పట్టిన మనిషి మళ్ళీ గుర్రం దగ్గరికి పోకూడదు. చేతికి రంగు పట్టీ కడితే సైసుకు (గుర్రాన్ని చూసుకునే మనిషికి) దూరం నుంచే తెలుస్తుంది.

పాలమూరు_బిడ్డ:
అన్నా, మీ లెక్కలు సరే. గని హైదరాబాద్ నుంచి బండేసుకొని వచ్చేటోళ్ళు ఒక్క వైన్ కోసం రారు. నలుగురొస్తే అందుట్ల ఇద్దరు తాగరు, ఒక పిల్లగాడుంటడు. తాగనోళ్ళు ఏం జేయాలె, చెట్టు కింద కూసోవాలెనా? నాసిక్‌ల సులా వైనరీ 2005ల టేస్టింగ్ రూం తెరిచినంక అక్కడి తోటలకు మనుషులు రావుడు అలవాటైంది. మనకు ఆ అలవాటు ఇంకా లేదు. మనిషి వచ్చేటట్టు ఏదో ఒకటి ఉండాలె, అది గుర్రమే. టికెట్ రెండు ముక్కలు జేస్తే సగం మంది స్వారీ కొని పోతరు, వైన్ ఎవరూ ముట్టరు. మరి ఆరెకరాల ద్రాక్ష ఎవరి కోసం?

రికాబు:
తమ్మీ, నువ్వు చెప్పేది నిజమే, మనుషులు రావాలి. కానీ గుర్రం శని, ఆదివారాలే తినదు. 380 కిలోల గుర్రానికి రోజుకు ఏడు కిలోల ఎండుగడ్డి, పని చేసే రోజుల్లో కిలోన్నర ఓట్లు లేదా బార్లీ, గుప్పెడు ఉప్పు, ముప్పై నలభై లీటర్ల నీళ్ళు కావాలి. ఉలవలు పెట్టొచ్చు గాని నానబెట్టి అర కిలో నుంచి కిలో లోపే, ఒకేసారి ఎక్కువ పోస్తే కడుపు నొప్పి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించి నాళాలు మార్చాలి. ఆ పనివాడు జడ్చర్లలో దొరకడు, హైదరాబాద్ నుంచి రావాలి.

ఇక మన ప్రాంతంలో గుర్రాన్ని చంపేవి నాలుగున్నాయి, ముందే తెలిసుండాలి. మొదటిది ఆముదం. పాలమూరు, నల్లగొండలో ఒకప్పుడు ఆముదం చేలు లేని ఊరు తక్కువ, తోటల్లో ఎరువుగా ఆముదపు పిండి వేస్తారు. అందులో రిసిన్ విషం ఉంటుంది, మిగతా పశువులు తట్టుకునే దాంట్లో కొంచెం తిన్నా గుర్రం బతకదు. గుర్రాలుండే తోటలో ఆముదపు పిండి బస్తా కూడా ఉండకూడదు. రెండోది కోళ్ల దాణా. షాద్‌నగర్ వైపు ఫారాలు ఎక్కువ, చవగ్గా దొరికిందని తెస్తారు. అందులో కోళ్ళ కోసం కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండె కండరాన్ని తినేస్తుంది. పశువుల దాణాలో కూడా కొన్నిట్లో ఉంటుంది, సంచి మీద చదవందే కొనొద్దు. మూడోది పచ్చి జొన్న మేత. అది మేసిన గుర్రానికి మూత్రాశయం వాచి, వెనక కాళ్ళు తూలతాయి. నాలుగోది ఈ చల్క నేలే. నేల మీద మేత వేస్తే గడ్డితో పాటు ఇసుక పోయి పేగుల్లో పేరుకుంటుంది. గచ్చు గాడిలోనే వేయాలి. అనుమానముంటే రెండు పేడ ఉండలు బకెట్ నీళ్ళలో కలిపి పది నిమిషాలు ఆగి చూడండి, అడుగున ఇసుక తేరుకుంటే డాక్టర్ని పిలవాల్సిందే.

నల్లగొండ వైపు ఎవరైనా ఇదే పని చేయాలనుకుంటే బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగితే పశువుల పళ్ళూ ఎముకలూ పాడవుతాయి.

పందిరి:
తోట పని చేసేదాన్నిగా ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి, ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. అక్టోబరు కత్తిరింపు అయిన రెండు రోజుల్లోపు తీగ మీది కళ్ళు (చిగురు మొగ్గలు) ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సయనమైడ్ అనే మందు పూస్తాం. ఆ మందు ఒంటికి తగిలినా, పీల్చినా, దాని మీద మద్యం తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం వస్తాయి. ఆల్కహాల్‌ను కాలేయం విరిచే దారి అది మూసేస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. మందు పూసిన సాళ్ళలోంచి స్వారీ చేయించి, పది నిమిషాల తర్వాత చేతిలో గ్లాసు పెట్టడం! ఆ వారం సందర్శకులు తోటలో అడుగు పెట్టకూడదు. మందు పూసిన కూలీలకు లేబుల్ మీద రాసిన గడువు అయ్యేదాకా ఒక్క చుక్క పోయకూడదు, సాయంత్రం కల్లుకు పోయేవాళ్ళకు ముందే గట్టిగా చెప్పాలి.

అసలు సాళ్ళలోంచి గుర్రాన్ని నడపడమే తప్పు. వైన్ ద్రాక్ష సాళ్ళ మధ్య ఎడం ఎనిమిది తొమ్మిది అడుగులే. తీగలు కట్టే ఇనుప వైర్లు రెండున్నర అడుగుల నుంచి ఐదున్నర అడుగుల దాకా ఉంటాయి, గుర్రం మీద కూర్చున్న మనిషి మోకాలు సరిగ్గా వాటి ఎత్తుకే వస్తుంది. బెదిరి పక్కకు జరిగితే కాలు కోసుకుపోతుంది. డ్రిప్ పైపులు తొక్కి పగులుతాయి, తడి మీద నడిస్తే నేల గట్టిపడి వేళ్ళకు గాలి ఆడదు. తోట చుట్టూ పదిహేనడుగుల బాట వదిలి, మామిడి వైపు తిప్పండి. మామిడి కొమ్మలు పదడుగుల ఎత్తు దాకా కొట్టేయాలి, లేకపోతే తలకు తగులుతాయి.

ఇంకోటి. జనవరి నుంచి పండు తీపెక్కుతుంటే చిలకలు, గోరింకలు పడతాయి, టపాకాయలు కాలుస్తాం. గుర్రాలు బెదరడానికి అదొక్కటి చాలు. స్వారీ ఉన్న రోజు టపాకాయలు మానేసి వలలు కట్టాలి.

రికాబు:
అక్క చెప్పిన సయనమైడ్ సంగతి ఇప్పుడే తెలిసింది, మంచి మాట. టపాకాయలకు ఒక మార్గముంది: పెళ్ళి బారాత్‌లకు తిప్పిన గుర్రాలు బ్యాండుకూ బాంబులకూ అలవాటు పడి ఉంటాయి. కానీ అవి కొనేముందు గ్లాండర్స్ రక్త పరీక్ష చేయించాలి. మనుషులకు కూడా అంటుకునే జబ్బు అది, చికిత్స చేయనివ్వరు, తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. పశువైద్యాధికారి ద్వారా నమూనా హిసార్‌లోని జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రానికి పంపొచ్చు. ఫలితం వచ్చేదాకా కొత్త గుర్రాన్ని విడిగా కట్టాలి. ధనుర్వాతం టీకా గుర్రాలకూ సైసులకూ తప్పనిసరి.

లెక్కల_పద్దు:
టికెట్ ప్రశ్నకు పన్నులే సగం జవాబు చెబుతాయి. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దాని మీద రాష్ట్ర వ్యాట్, ఎక్సైజ్. స్వారీ సేవ కాబట్టి జీఎస్టీ కిందికి వస్తుంది. రెండూ కలిపి ఒకే ధర రాస్తే అందులో వైన్ ఎంత, స్వారీ ఎంత అని రెండు శాఖలూ అడుగుతాయి, మీ దగ్గర కాగితం ఉండదు. సేవలకు 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, ఆ 20 లక్షల్లో వైన్ అమ్మకం కూడా కలుస్తుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. వేర్వేరు బిల్లు పుస్తకాలు, వేర్వేరు కౌంటర్లు.

1968 ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా తయారీ, అమ్మకం రెండూ నేరమే. తయారీకి అనుమతి వచ్చింది కదా అని అక్కడే రుచి చూపించడం మొదలుపెట్టకండి. ఆ గదికి, ఆ పరిమాణానికి జిల్లా ఎక్సైజ్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. 21 ఏళ్ళు నిండనివాళ్ళకు పోయకూడదు, కుటుంబ టికెట్ అమ్మితే పదిహేడేళ్ళ పిల్ల చేతిలో కూడా వైన్ కూపన్ ఉంటుంది. వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీల్లో మద్యం మత్తులో జరిగిన గాయానికి మినహాయింపు ఉంటుంది. స్వారీ రసీదు మీద ఉదయం సమయం, రుచి రసీదు మీద దాని తర్వాతి సమయం అచ్చయి ఉంటే క్లెయిమ్ నిలబడటానికి ఆధారం ఉంటుంది.

పాలమూరు_బిడ్డ:
పన్ను ముచ్చట ఒప్పుకుంటున్న, టికెట్లు రెండే పెట్టుండ్రి. గని స్వారీ కొన్నోళ్ళకు రుచి గదిల ధర తగ్గించుండ్రి, తాగనోళ్ళకు, పిల్లలకు అదే తోట ద్రాక్షరసం పోయుండ్రి. గుర్రాలు ఆరెందుకు? మూడు జాలు. ఎండకాలం మాత్రం ఏం జేయాలె?

పీపా:
మూడు గుర్రాలన్నది మంచి మాట, మిగిలిన డబ్బు చల్లబరిచే యంత్రానికి పెట్టాలి. కోత ఫిబ్రవరి చివరి నుంచి మార్చి దాకా. అప్పటికే పగలు 36, 37 డిగ్రీలు. పులిసేటప్పుడు చక్కెర ఒక బ్రిక్స్ (వంద గ్రాముల రసంలో ఒక గ్రాము చక్కెర) తగ్గినప్పుడల్లా రసం ఒక డిగ్రీకి పైనే వేడెక్కుతుంది. 23 బ్రిక్స్ రసం చల్లబరచకుండా వదిలేస్తే ట్యాంకు 35 దాటి ఈస్ట్ చస్తుంది, తీపి మిగిలిపోతుంది, ఆ తీపిలో బ్యాక్టీరియా చేరి వెనిగర్ వాసన వస్తుంది. ఎర్రది 25, 28 మధ్య, తెల్లది 15, 16 దగ్గర పట్టి ఉంచాలి. తెల్లవారుజామున నాలుగింటి నుంచి కోసి ఎనిమిదికల్లా నలగ్గొట్టాలి. నలగ్గొట్టగానే రసం పాడవకుండా వంద లీటర్లకు 9 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్. మన ఎండకు పులుపు పడిపోతుంది కాబట్టి పీహెచ్ చూసి లీటరుకు గ్రాము, రెండు గ్రాముల టార్టారిక్ ఆమ్లం. ఈస్ట్‌ను వంద లీటర్లకు 20, 25 గ్రాముల చొప్పున గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టాకే కలపాలి. ఇవి సరిగ్గా లేకుండా గుర్రాలు కొంటే, స్వారీకి వచ్చిన మనిషి వైన్ ఒక గుక్క తాగి మళ్ళీ రాడు.

లాయం రుచి గదికి కనీసం వంద మీటర్ల దూరంలో, గాలి రుచి గది మీదుగా లాయం వైపు పోయే చోట ఉండాలి. పేడ వాసన, చెమట, అమ్మోనియా ముక్కులో ఉంటే షెనిన్ వాసన ఎవరికీ తెలియదు. పేడ ఈగలు ట్యాంకు గదికి రాకుండా రెండు తలుపులు. స్వారీ అయ్యాక చేతులు కడిగించి, అర లీటరు నీళ్ళు, ఏదైనా తిండి, అరగంట విశ్రాంతి. చెమట పట్టి ఖాళీ కడుపుతో తాగితే ఆ 15 మిల్లీలీటర్లు కూడా తలకెక్కుతాయి.

ఎండాకాలానికి రికాబు అన్న చెప్పాలి.

రికాబు:
నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున ఏడు నుంచి పదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా. సాయంత్రం స్వారీ చేసినవాళ్ళకు రుచి మరుసటి రోజే. మార్చిలో ఎనిమిదిన్నరకు ఆపేయాలి. ఏప్రిల్, మే నెలల్లో స్వారీ లేదు, గుర్రాలకు విశ్రాంతి. ఒక గుర్రానికి రోజుకు అరగంట చొప్పున నాలుగు సార్లు, మధ్యలో జీను విప్పి నీళ్ళు. మూడు గుర్రాలంటే రోజుకు పన్నెండు మంది, అంతకు మించి బుకింగ్ తీసుకోవద్దు. ఒక్కో గుర్రానికి ఒక సైసు పగ్గం పట్టుకుని నడవాలి, హెల్మెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వొద్దు.

ద్రాక్షమడి:
అందరికీ ధన్యవాదాలు. రెండు టికెట్లు, మూడు గుర్రాలు, మామిడి వైపు బాట, నాలుగు పదిహేన్లు. ఇంట్లో ఈ నాలుగూ ఒప్పుకున్నారు. సయనమైడ్ పూసే వారం గేటు మూసేస్తామని కోడలు ఇప్పుడే పట్టికలో రాసుకుంది. పెద్దాయన ఇంకా ఒకటి అడుగుతున్నారు: స్వారీ లేకుండా వైన్ రుచికే వచ్చినవాళ్ళు, తర్వాత గుర్రాన్ని నిమురుతామని లాయం దగ్గరికి పోతే?

రికాబు:
పోనివ్వొద్దు. తాగిన మనిషి వెనక నుంచి వస్తాడు, గుర్రం చూడకుండానే తంతుంది. లాయానికి ఐదడుగుల కంచె, తాళం సైసు దగ్గర. రుచి గది నుంచి కారు నిలిపే చోటుకు దారి లాయం వైపు కాకుండా ఇప్పుడే మలపండి, కట్టడం మొదలయ్యాక మార్చలేరు.