పరాయణమా, పారాయణమా? ఒక నేతగాడి అర్జీ దగ్గర ఆగిపోయాను

ఫిల్లీ పక్కింటోడు:
అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక కంద పద్యం నోట్లో నానుతోంది, చివరి పాదం దగ్గర తడబడుతున్నాను. సంగతేంటంటే, ఇక్కడి తెలుగు బడి పిల్లల పత్రికకి మా చుట్టుపక్కల పాత చరిత్ర మీద ఒక పేజీ రాస్తానని ఒప్పుకున్నాను. అబ్రహాం ఓప్ డెన్ గ్రేఫ్ గురించి రాస్తున్నా. జర్మనీలోని క్రేఫెల్డ్ నుంచి కాంకర్డ్ అనే ఓడలో వచ్చి 1683 అక్టోబరు 6న ఫిలడెల్ఫియాలో దిగిన పదమూడు కుటుంబాల వాళ్లలో ఒకడు. ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్‌లో మగ్గం పెట్టి నార బట్ట నేశాడు, తర్వాత పెన్సిల్వేనియా అసెంబ్లీకి 1689, 1690, 1692లో ఎన్నికయ్యాడు. ఆయనా, ఆయన అన్న డిర్క్, ఆ ఊరు పెట్టిన పాస్టోరియస్, గారెట్ హెండ్రిక్స్ నలుగురూ సంతకం పెట్టి 1688లో బానిసల వ్యాపారం వద్దని తోటి క్వేకర్లకి (క్వేకర్లంటే ఒక క్రైస్తవ శాఖవాళ్లు) ఒక అర్జీ రాశారు. అందులో ఒక మాట ఉంది: మనకి ఎలా జరగాలనుకుంటామో అందరికీ అలాగే చేయాలి, ఏ తరం, ఏ పుట్టుక, ఏ రంగు అని తేడా చూడకూడదు అని. అది చదవగానే తిక్కన గారి పద్యం తన్నుకొచ్చింది. "ఒరులేయవి యొనరించిన నరవర" బాగానే వస్తోంది, చివర మాత్రం "పారాయణము పరమధర్మ పథముల కెల్లన్" అని వస్తోంది. మా నాన్నగారు అలాగే చదివేవారు. కరెక్టేనా?
పనిలో పని, ఇంకో రెండు. వీవర్‌కి పిల్లలకి చెప్పదగ్గ తెలుగు మాట ఏది? ఆ అర్జీలో "ట్రాఫిక్ ఆఫ్ మెన్‌బాడీ" అని ఉంది, దాన్ని ఏమనాలి?

కందం పిచ్చోడు:
పారాయణము కాదు మహాప్రభో, పరాయణము. పద్యం మొత్తం ఇదీ:

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగుఁ దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

ప్రాస చూడండి. ఒరు, నర, నొరు, పరా. రకారానికి ముందున్నవన్నీ లఘువులు. నాలుగో పాదంలో "పా" పెడితే ఒక్కడే గురువై కూర్చుంటాడు. అంతేకాదు, ఇరవై మాత్రల పాదం ఇరవై ఒకటి అవుతుంది, జగణమో నలమో ఉండాల్సిన ఆరో గణంలో "రమధ" అని సగణం వచ్చి పడుతుంది. తిక్కన ఇలాంటిది రాసి నెల్లూరులో తల ఎత్తుకు తిరిగేవాడా?

పాత అచ్చు:
ఛందస్సు దాకా వెళ్లక్కర్లేదండీ, అర్థమే చెప్తోంది. పరాయణము అంటే పరమగతి, చిట్టచివరికి చేరే చోటు. ధర్మమార్గాలు ఎన్ని ఉన్నా అన్నీ వెళ్లి చేరేది ఇక్కడికే అని. పారాయణము అంటే సుందరకాండ చదవడం. ఇంట్లో పెద్దవాళ్లకి ఆ మాట రోజూ నోట్లో ఆడుతుంది కాబట్టి పద్యంలోకి కూడా జారుతుంది. మీ నాన్నగారిని తప్పు పట్టడం కాదు, మా తాతగారూ అంతే చదివేవారు.

ఒడ్డు చేరినవాడు:
మీరిద్దరూ తొందరపడుతున్నారు. పారాయణము అంటే చదవడం ఒక్కటేనా? పార ప్లస్ అయన, అవతలి ఒడ్డుకి చేరడం. "పరమధర్మ పథముల కెల్ల" అవతలి ఒడ్డు ఇదే అంటే ఎంత బాగుంది! పైగా సముద్రం దాటి వచ్చినవాడి గురించి వ్యాసం. ఛందస్సు ఒప్పుకోదని నాకూ తెలుసు, కానీ లేఖకుల చేతుల్లో ఏం మారిందో ఎవరు చూశారు.

కందం పిచ్చోడు:
లేఖకుడు "పా" ని "ప" చేసి పొరపాటున ఛందస్సు సరిచేశాడంటారా? అలాంటి లేఖకుడు దొరికితే మా ఆఫీసులో ఉద్యోగం ఇప్పిస్తాను.

నెల్లూరి చిన్నది:
అసలు విషయం వదిలేసి దీర్ఘం దగ్గర కొట్టుకుంటున్నారు. నా అనుమానం వేరే. ఈ పద్యాన్ని ఆ అర్జీ పక్కన పెట్టడమే సరికాదేమో. అర్జీలో ఉన్నది "చేయండి" అని. తిక్కన చెప్పింది "సేయకునికి", చేయకుండా ఉండటం. మీకు నచ్చనిది ఇతరులకి చేయకండి అనడానికీ, మీకు నచ్చినట్టు ఇతరులకి చేయండి అనడానికీ చాలా దూరం. బానిసని కొనకుండా ఇంట్లో కూర్చున్నవాడు మొదటిది పాటించినట్టే. రెండోదాని లెక్కలో మాత్రం వాడు ఇంకా ఏమీ చేయలేదు.

పాత అచ్చు:
మంచి పాయింటే గానీ అర్జీలో మిగతా వాక్యాలు చదివారా? మొదట్లోనే అడుగుతారు, మీలో ఎవరికైనా ఇలా జరగడం ఇష్టమేనా, అమ్ముడుపోయి బతికినంతకాలం బానిసగా ఉండటం అని. వెంటనే సముద్రం మీది దృశ్యం వస్తుంది. దూరంగా కొత్త ఓడ కనబడగానే అది తురకల ఓడేమో, పట్టుకుపోయి టర్కీలో అమ్మేస్తారేమోనని ఎంతమంది గుండెలు జారిపోతాయి, మరి మనం చేసేది వాళ్లు చేసేదానికన్నా ఏం మెరుగు అంటారు. ఇది అచ్చంగా "అప్రియము తన మనంబున కగు". ముందు నీ మనసుకి ఏది గుచ్చుకుంటుందో అక్కడ వేలు పెట్టి చూపించి, ఆ తర్వాత ఇతరుల దగ్గరికి రావడం. పద్యం నడకా అదే, అర్జీ నడకా అదే.

నెల్లూరి చిన్నది:
ఆ ఓడ సంగతి నాకు తెలీదు, బాగుంది. అయినా "సేయకునికి" మీద నా మాట నాదే. "ఉనికి" అనే నామవాచకం పెట్టాడు చూడండి, చేయకపోవడం అనలేదు, చేయక ఉండటం. నిలబడి చేతులు కట్టుకోవడమే ధర్మం అన్నట్టు. మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్నవాడికి చేయకుండా ఉండటం ఎంత కష్టమో తెలుసు, అందుకే ఆ మాట పడింది అని నా సొంత థియరీ. ఊరి అభిమానం అనుకోండి.

ఒడ్డు చేరినవాడు:
ఊరి అభిమానమే. చేయక ప్లస్ ఉనికి మామూలు వాడుక, మనుమసిద్ధిని లాగక్కర్లేదు.

నెల్లూరి చిన్నది:
సముద్రాన్ని లాగినాయన చెప్తున్నాడు.

మగ్గం గుంట:
ఎవరూ రెండో ప్రశ్న ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా, మాది చీరాల వైపు నేత ఇల్లు. "సాలె" అని రాయకండి. మాటకి ఏ దోషమూ లేదు, సాలీడు అనే అందమైన మాట పక్కనే ఉంది, కానీ మన దగ్గర అది కులం పేరు. క్రేఫెల్డ్ నుంచి వచ్చినాయన్ని సాలె అంటే పిల్లలు వేరే అర్థం చేసుకుంటారు. "చేనేత కార్మికుడు" ప్రభుత్వ పథకం పేరులా ఉంటుంది, ఆయన కూలికి నేసినవాడు కాదు, అన్నదమ్ములు ముగ్గురూ కలిసి రెండు వేల ఎకరాలు కొన్న మనుషులు. మా ఇంట్లో మాత్రం వృత్తి ఏంటని అడిగితే "మగ్గం నేస్తాం" అంటాం, అంతే, నామవాచకమే వాడం. మా అమ్మ కండెలు చుడుతూ కూర్చుంటే నాన్న గుంటలో కాళ్లు పెట్టి నాడె (కండె పెట్టి అటూ ఇటూ విసిరేది) విసిరేవాడు, కండె అయిపోయిన చప్పుడు అమ్మకి వంటింట్లోంచి కూడా తెలిసేది, ఇంకోటి చేతికి అందించేది. దీనంతటికీ ఒక్క మాట కావాలంటే నేతగాడు అనండి.

ఫిల్లీ పక్కింటోడు:
థాంక్యూ అండీ. కండె అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. జర్మన్‌టౌన్ ఊరి ముద్ర పాస్టోరియస్ తయారు చేశాడు, మూడు రేకుల ఆకు, ఒక రేకులో ద్రాక్ష తీగ, ఒకదాంట్లో అవిసె మొక్క, ఒకదాంట్లో నేతగాడి కండె. చుట్టూ లాటిన్‌లో "వీనుమ్, లీనుమ్ ఎట్ టెక్స్‌ట్రీనుమ్". ద్రాక్షసారా, అవిసె నార, నేత అని. లాటిన్‌లో మూడూ ఒకే తోకతో ముగుస్తాయి, తెలుగులో ఆ మోత ఎలా తేవాలో తెలీడం లేదు.

కందం పిచ్చోడు:
తీగ, నార, నేత. మూడూ రెండక్షరాలు, గురువు లఘువు, మూడూ హగణాలు. ఇక చాలించండి.

పాత అచ్చు:
తీగ అంటే సారా ఎలా అవుతుందండీ? కల్లు అన్నా నయం.

మగ్గం గుంట:
కండె అంటే పేక నూలు, అంటే అడ్డంగా నేసే నూలు, చుట్టేది, వాళ్ల ముద్రలో ఉన్నది ఏ రకమో బొమ్మ చూస్తే గానీ చెప్పలేను. వాళ్ల మగ్గం గుంట మగ్గం కాదు, చట్రం మగ్గం, మనిషి పైన కూర్చుంటాడు. ఇంతకీ అవిసె నార అంటే మనవాళ్లకి అవిసె గింజలే గుర్తొస్తాయి. లినెన్ అని ఒకసారి రాసి పక్కన అవిసె నార బట్ట అనండి.

ఫిల్లీ పక్కింటోడు:
అలాగేనండీ. మన అబ్రహాం 1686లోనే పెన్సిల్వేనియా కౌన్సిల్‌కి ఇంకో అర్జీ పెట్టుకున్నాడు, మొట్టమొదటి మేలైన లినెన్ బట్ట నేసినవాడికి గవర్నర్ ఇస్తానన్న బహుమతి నాకివ్వండి అని. అర్జీలు రాయడం ఆయనకి అలవాటే.

రైన్ గట్టు:
మూడో ప్రశ్నకి నేను. క్రేఫెల్డ్ నాకు రైల్లో అరగంట దూరం. ఆ అర్జీ ఇంగ్లీషులో ఉందన్న మాటే గానీ లోపల ఉన్న భాష ఇక్కడిది. "మెన్‌బాడీ" ఇంగ్లీషువాడు రాసే మాట కాదు. జర్మన్‌లో "లైబ్‌ఐగెన్" అంటారు, లైబ్ అంటే ఒళ్లు, ఐగెన్ అంటే సొంతం. దొర సొంతమైన ఒళ్లు, అంటే భూమికి కట్టుబడ్డ బానిస. డచ్‌లోనూ అదే మాట ఉంది, ఆ రోజుల్లో క్రేఫెల్డ్ వాళ్ల మాట డచ్‌కే దగ్గర. ఆ పాత మాట తల్లో తిరుగుతుంటే చెయ్యి "మెన్‌బాడీ" అని రాసింది అని నా నమ్మకం. కాబట్టి తెలుగులో ఒళ్లు అనే మాట పోకూడదు. "మనుషుల వ్యాపారం" అంటే ఒళ్లు పోయింది.

ఒడ్డు చేరినవాడు:
ఒళ్ల బేరం?

నెల్లూరి చిన్నది:
వద్దు బాబోయ్. పిల్లల పత్రిక అది. ఒళ్లమ్ముకోవడం అంటే మన భాషలో ఇంకో అర్థం ఉంది.

పాత అచ్చు:
"నరదేహ విక్రయం" అనండి, గంభీరంగా ఉంటుంది.

మగ్గం గుంట:
మగ్గం మీద కూర్చున్నవాడు "నరదేహ విక్రయం" అంటాడా మాస్టారూ? "మనుషుల్ని ఒళ్లతో సహా అమ్మడం" అనండి. పొడుగైతే అవనివ్వండి.

రైన్ గట్టు:
నాకు ఇది నచ్చింది. ఒళ్లతో సహా.

కందం పిచ్చోడు:
ఆ అర్జీ చివరికి ఏమైంది? మన ఆఫీసుల్లోలాగే ఫైలు తిరిగిందా?

ఫిల్లీ పక్కింటోడు:
అచ్చం అలాగే. నెలవారీ సమావేశంలో, ఇది చాలా బరువైన విషయం, ఇక్కడ మేం జోక్యం చేసుకోవడం తగదు అని మూడు నెలలకోసారి జరిగే సమావేశానికి పంపారు. వాళ్లు అక్కడినుంచి న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో జరిగే వార్షిక సమావేశానికి పంపారు. వాళ్లు తీర్పు చెప్పడం సబబు కాదని పక్కన పెట్టేశారు. కాయితం 1844లో దొరికింది, మళ్లీ ఎక్కడో పోయింది, 2005లో ఫిలడెల్ఫియా క్వేకర్ల ఆర్చ్ స్ట్రీట్ సమావేశ మందిరం ఖజానాలో మళ్లీ బయటపడింది. సభ్యులెవరూ బానిసల్ని ఉంచుకోకూడదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తీర్మానించింది 1776లో. పెన్సిల్వేనియా చట్టం 1780లో, అదీ మెల్లమెల్లగా విడుదల చేసే రకం. మన నేతగాడు ముసలితనంలో పెన్సిల్వేనియాలోనే స్కిప్పాక్ వైపు వెళ్లిపోయాడు.

నెల్లూరి చిన్నది:
చూశారా, అర్జీ రాసినవాళ్లది "చేయండి", సమావేశాలవాళ్లది "సేయకునికి". ఇప్పటికైనా ఒప్పుకోండి.

పాత అచ్చు:
ఒప్పుకోను. వాళ్లు చేయకుండా ఉన్నది వేరే. ఒరులకి అప్రియమైనది చేయడం వాళ్లు మానలేదుగా, తేల్చడం మానేశారు. మీరు సేయకునికిలోంచి "అవి" ని తీసేసి చదువుతున్నారు. పద్యంలో "అవి సేయకునికి". ఏవి? ఆ అప్రియమైనవి. రెండక్షరాలు మింగేస్తే ఏ పద్యమైనా మీ వైపు తిరుగుతుంది.

నెల్లూరి చిన్నది:
"అవి" మింగలేదు మాస్టారూ, యతి దగ్గర ఊపిరి తీసుకున్నాను.

కందం పిచ్చోడు:
కందంలో బేసి పాదాలకి యతి ఉండదు తల్లీ.

ఫిల్లీ పక్కింటోడు:
పేజీ రేపు పొద్దున పంపాలి. పద్యం పైన పెడుతున్నాను, "పరాయణము" అనే. నేతగాడు ఖాయం. అసెంబ్లీ మెంబర్‌కి శాసనసభ్యుడు అని రాశాను, మా అబ్బాయి చదివి ఎమ్మెల్యేనా అన్నాడు, అవునన్నాను. "ఒళ్లతో సహా" ఇంకా ఆలోచిస్తున్నా.

పాత అచ్చు:
రెండో పాదంలో "కగుఁ దా" లో అరసున్న పెట్టారా? అగున్ ద్రుతాంతం, అందుకే "తా" కాస్తా "దా" అయింది. అరసున్న లేకపోతే ఆ "దా" ఎక్కడినుంచి వచ్చిందో పిల్లలకి ఎలా తెలుస్తుంది?

ఫిల్లీ పక్కింటోడు:
అరసున్న ఫోన్ కీబోర్డులో ఎక్కడుంటుందండీ?

ఒడ్డు చేరినవాడు:
కాపీ పేస్ట్ చేయండి. పైన కందం పిచ్చోడి పోస్టులో ఉంది.

పాత అచ్చు:
పేస్ట్ చేశాక పక్కన ఖాళీ వదిలారో లేదో చూసుకోండి. "కగుఁదా" కలిపి రాయాలని నా అభిప్రాయం.

కందం పిచ్చోడు:
విడదీసే రాయాలి. ఎందుకో రాత్రికి రాస్తాను, ఇప్పుడు మీటింగ్ ఉంది.