లానిడ్లోయిస్‌లో లిస్టెడ్ ఇల్లు: కొనొచ్చా, వద్దా?

అందరికీ నమస్కారం. మేం ఇండియా నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నాకు అబెరిస్ట్విత్‌లో ఉద్యోగం, మా ఆయన ఇంటి నుంచే పని. వేల్స్‌లోని పోవిస్ కౌంటీలో, లానిడ్లోయిస్ ఊళ్ళో ఒక పాత ఇల్లు బాగా నచ్చింది. రాతి గోడలు, లోపల ఓక్ దూలాలు, వెనక చిన్న కొట్టం. ధర మాకు అందేలానే ఉంది. కాకపోతే 'గ్రేడ్ టూ లిస్టెడ్' అని రాసుంది, అంటే చారిత్రక కట్టడంగా ప్రభుత్వ జాబితాలో ఉందట. ఏజెంట్‌ని అడిగితే, "గ్రేడ్ టూ అంటే కింది గ్రేడే, వీధివైపు మార్చకపోతే చాలు" అన్నాడు. మాకు కిటికీలకు డబుల్ గ్లేజింగ్, అంటే రెండు పొరల గాజు కావాలి, వంటింట్లో పెద్ద ఎగ్జాస్ట్ కావాలి, పూజగది కోసం ఒక అడ్డగోడ తీసేయాలి. మార్చిలో అత్తయ్య వస్తున్నారు. ఈలోపు ఇవన్నీ అవుతాయా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

బ్రెకన్ నుంచి ఒక అక్క:

చెల్లీ, ఆ ఏజెంట్ అమ్మేవాళ్ళ తరఫు మనిషి. ఆ మాట ముందు పక్కన పెట్టు. గ్రేడ్ ఏదైనా చట్టం ఒకటే. వేల్స్ మొత్తం మీద లిస్టెడ్ కట్టడాలు దాదాపు 30,000 ఉన్నాయి, వాటిలో చాలా భాగం మీది లాంటి గ్రేడ్ టూవే. గ్రేడ్ వన్ రెండు శాతం కూడా ఉండవు. మీ ఊరి నడిమధ్యలో స్తంభాల మీద నిలబడిన పాత చెక్క మార్కెట్ హాల్ చూశావుగా, అది గ్రేడ్ వన్. కానీ అనుమతి లేకుండా మేకు కొట్టే విషయంలో దానికీ మీ ఇంటికీ పెద్ద తేడా ఏమీ లేదు. లిస్టింగ్ అంటే వీధివైపు ముఖం ఒక్కటే కాదు. మెట్లు, తలుపులు, లోపలి చెక్క పని, నువ్వు తీసేద్దామనుకుంటున్న అడ్డగోడ, అన్నీ అందులోకే వస్తాయి. లిస్ట్‌లో పెట్టేది కాడు, అంటే వెల్ష్ ప్రభుత్వపు వారసత్వ విభాగం. మార్పులకు అనుమతి ఇచ్చేది మాత్రం స్థానిక పాలన చూసే కౌన్సిల్. మాకు బ్రెకన్‌లో అయితే నేషనల్ పార్క్ వాళ్ళు, మీకు పోవిస్ కౌంటీ కౌన్సిల్. 2024 నవంబర్ నుంచి వేల్స్‌కి దీనికంటూ సొంత చట్టం అమల్లో ఉంది, కాబట్టి ఇంగ్లండ్‌లో ఉండే స్నేహితులు చెప్పే నియమాలను మక్కికి మక్కి నమ్మకు.

అనుమతి లేకుండా మార్పులు చేస్తే అది నేరం. జరిమానాకు పరిమితి లేదు, రెండేళ్ళ దాకా జైలు కూడా పడొచ్చు. నిజానికి జైలు గురించి నువ్వు భయపడక్కర్లేదు. భయపడాల్సింది పాత ఓనర్లు చేసిపోయిన పనుల గురించి. వాళ్ళ నేరం నీ మీదకు రాదు కానీ, సరిచేయమని కౌన్సిల్ ఇచ్చే నోటీసు ఇప్పటి ఓనర్‌కే వస్తుంది. దానికి కాలపరిమితి అంటూ లేదు. మా వీధిలో ఒకాయన కొన్న ఇంటికి అప్పటికే ప్లాస్టిక్ కిటికీలు ఉన్నాయి. తీసేసి చెక్కవి పెట్టించమన్నారు. ఆ ఖర్చంతా ఆయన నెత్తినే పడింది. అందుకే ఈసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు కిటికీల దగ్గరకెళ్ళి నిలబడు. పాత గాజయితే పక్కనుంచి చూస్తే ఎదుటి ఇల్లు కాస్త అలలా వంకరగా కనిపిస్తుంది, అంచుల్లో పుట్టీ ఉంటుంది. అద్దంలా చదునుగా మెరుస్తూ రెండు పొరలుంటే, అది ఎప్పుడు వేశారో, అనుమతి కాగితం ఉందో లేదో లాయర్ చేత అడిగించు. 'ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (ఇలాంటి పాత పనుల వల్ల వచ్చే నష్టానికి బీమా) తీసుకుంటే సరిపోతుంది' అంటారు. ఆ పాలసీ ఉన్నంత మాత్రాన కౌన్సిల్ నోటీసు ఆగదు.

కాడు వాళ్ళ కోఫ్ కమ్రి అనే వెబ్‌సైట్లో ఇంటి వివరణ ఉచితంగా దొరుకుతుంది. అది చదువు. అయితే అందులో రాయనిదానికి రక్షణ లేదనుకోకు, అది ఇల్లు గుర్తుపట్టడానికి రాసిన వివరణ మాత్రమే.

మార్చి సంగతి మర్చిపో. దరఖాస్తుకి ఫీజు లేదు కానీ, డ్రాయింగులతో పాటు హెరిటేజ్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్, అంటే మార్పుల వల్ల ఇంటి పాతదనం మీద పడే ప్రభావం గురించిన నివేదిక పెట్టాలి, అది రాయించడానికి డబ్బవుతుంది. నిర్ణయానికి చట్టం ఇచ్చిన గడువు ఎనిమిది వారాలు, ఆచరణలో ఇంకా సాగుతుంది. ఒకప్పుడు అనుమతి పొందిన మార్పులకు వ్యాట్ ఉండేది కాదు. 2012 అక్టోబర్‌లో ఆ మినహాయింపును ఎత్తేశారు, ఇప్పుడు మామూలుగా ఇరవై శాతం. బడ్జెట్‌లో అది కలుపుకో.

హెరెఫర్డ్ నుంచి ఒక అన్న:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నాది బిల్డింగ్ సర్వే పని, కాబట్టి ఇంకొంచెం. డబుల్ గ్లేజింగ్ బదులు లోపలివైపు సెకండరీ గ్లేజింగ్, అంటే పాత కిటికీ అలాగే ఉంచి దాని వెనక ఇంకో గాజు చట్రం అడగమ్మా. పాత చట్రం కదలదు కాబట్టి పాత కట్టడాల సంగతి చూసే కన్సర్వేషన్ ఆఫీసర్లు సాధారణంగా సుముఖంగా ఉంటారు, చలి, చప్పుడు రెండూ తగ్గుతాయి. ఎగ్జాస్ట్ కోసం రాతిగోడకి కొత్త కన్నం పెట్టాలంటే అనుమతి కావాలి. ఇంట్లో ఇప్పటికే వాడని పొగగొట్టమో, పాత వెంటిలేటరో ఉందేమో చూసుకుని ఆఫీసర్‌ని అడగండి. బొగ్గు ఫిల్టర్‌తో గాలిని అక్కడే తిప్పే హుడ్‌కి కన్నం అక్కర్లేదు గానీ, అది ఆవిరిని తియ్యదు. మన వంటకి రోజూ రెండు పూటలా ఆవిరే కదా.

ఆ ఆవిరే అసలు సమస్య. ఈ గోడలకి మధ్యలో ఖాళీ ఉండదు, తేమ లోపలికి వచ్చి బయటికి పోయేలా సున్నంతో కట్టారు. మన తాతల నాటి గానుగ సున్నం ఇళ్ళ లాగే. తర్వాత ఎవరో వచ్చి సిమెంట్ పూస్తారు, పైన ప్లాస్టిక్ పెయింట్ వేస్తారు, చెమ్మ లోపలే ఇరుక్కుని దూలం చివర్లు కుళ్ళుతాయి. కాబట్టి కొనేముందు ఆర్.ఐ.సి.ఎస్. (సర్వేయర్ల సంస్థ) లెవెల్ త్రీ సర్వే, అంటే ఇంటిని పూర్తిగా పరీక్షించే సర్వే చేయించండి, అదీ పాత ఇళ్ళు తెలిసినవాళ్ళ చేత. బ్యాంకు వాళ్ళు అప్పు కోసం చేయించే వాల్యుయేషన్ (ధర అంచనా) మీ కోసం కాదు. పూజగది సంగతంటారా, గోడ తీసే బదులు చెక్క మందిరం తెచ్చి పెట్టుకోండి, దానికి ఎవరినీ అడగక్కర్లేదు. దూలం కింద దీపం మాత్రం పెట్టకండి.

లానిడ్లోయిస్ చెల్లి:

చాలా థాంక్స్ అక్కా, అన్నయ్యా. ఏజెంట్‌ని కాగితాలు అడిగాం, 'చూసి చెప్తా' అన్నాడు. ఒక్కటే అనుమానం. వెనక కొట్టం పేరు ఆ వివరణలో లేదు. అది పడగొట్టి కారు పెట్టుకోవచ్చా?

బ్రెకన్ అక్క:

అది ఇంటి ఆవరణలోనే ఉండి, 1948 జూలై 1కి ముందు కట్టిందయితే, చాలావరకు ఇంటితో పాటే లిస్టింగ్‌లోకి వచ్చినట్టు. పేరు లేకపోయినా సరే. పడగొట్టే ఆలోచన వదిలెయ్. మరమ్మతు చేసి వాడుకుంటామంటే ఆఫీసర్లు సంతోషిస్తారు.

అన్నట్టు, వెల్ష్‌పూల్ పోవిస్ కోటకి వెళ్ళారా? అదీ గ్రేడ్ వన్నే. లోపల టిప్పు సుల్తాన్ గుడారం ఉంది. ఆ ఇంటి అల్లుడు ఎడ్వర్డ్ క్లైవ్ మద్రాస్ గవర్నర్‌గా ఉండగానే 1800లో నిజాం మన దత్త మండలాలను కంపెనీకి అప్పజెప్పాడు. మా పుట్టినిల్లు అనంతపురం, నాకు అక్కడ కాస్త మంటగానే ఉంటుంది. అయినా చూడాల్సిన చోటే.

హెరెఫర్డ్ అన్న:

కొట్టం కప్పులో గబ్బిలాలు ఉన్నాయేమో కూడా చూడండమ్మా. వాటికీ చట్ట రక్షణ ఉంది, అవి ఉంటే లైసెన్స్ లేకుండా పెంకు కూడా కదపకూడదు. సాయంత్రాలు బయటికొచ్చే గబ్బిలాలను లెక్కపెట్టే సర్వే మే నుంచి సెప్టెంబర్ లోపే చేస్తారు. ఆ అదను తప్పితే మళ్ళీ మే దాకా ఆగాల్సిందే.